వాడు టీకి రాలేదు: చీరాలలో ఒక వారం

 

ఈ రోజు ఎపిసోడ్‌లో టిప్స్ తక్కువ, కబుర్లు ఎక్కువ. కానీ ఆ కబుర్ల మధ్యలో మీ ఫోన్‌కీ, మీ జేబుకీ, మీ ఫ్రెండ్స్‌కీ సంబంధించిన సంగతి ఒకటి ఉంది. అందుకే స్కిప్ చేయకుండా చివరిదాకా ఉండండి.

మొన్న మే నెలలో ఒక వారం మా ఊళ్ళో ఉన్నాను. మా ఊరు చీరాల. విజయవాడ నుంచి చెన్నై వెళ్ళే రైల్వే లైన్లో బాపట్ల దాటాక వస్తుంది. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి ఊళ్ళో దిగొచ్చు. ఊరి గురించి మూడు ముక్కల్లో చెప్పమంటే, బట్టల కొట్లు, మగ్గాలు, సముద్రం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పెళ్ళి బట్టలకి మా ఊరే వస్తారు. ఈపూరుపాలెం, జాండ్రపేట, వేటపాలెం వైపు వెళ్తే మగ్గం చప్పుడు వినిపిస్తుంది. అటు వాడరేవు వెళ్తే సముద్రం.

ఇంత చిన్న టౌన్లో వారం రోజులు ఏం చేస్తార్రా, బోర్ కొట్టదా అని ఆఫీసులో అడిగారు. నిజం చెప్పాలంటే చేసిందేం లేదు. రోజూ ఒకే టీ కొట్టు, ఒకే నలుగురు, అవే జోకులు. కానీ ఆ వారంలోనే, ఆ 'ఏం లేదు' అనేది ఎంత పెద్ద విషయమో అర్థమైంది. అదే ఈ రోజు టాపిక్.

ముందు మా గ్యాంగ్‌ని పరిచయం చేస్తాను. పేర్లు చెప్పను, వీడియో చూసి ఫోన్ చేసి తిడతారు. వాళ్ళ పని పేరుతోనే పిలుద్దాం. ఒకడు 'షాపు', హోల్‌సేల్ బట్టల కొట్లో చేస్తాడు. రెండోవాడు 'మగ్గం', వాళ్ళది నేత కుటుంబం. మూడోవాడు 'గ్రూప్స్', నాలుగేళ్ళుగా గ్రూప్-2కి చదువుతున్నాడు. నాలుగోవాడు 'బోటు', వాడరేవు వాడు, వాళ్ళది చేపల వేట. అందరం పదో తరగతి దాకా ఒకే బెంచీ కాకపోయినా ఒకే బడి.

ఇందులో మగ్గంగాడి కథ కాస్త ఎక్కువ వస్తుంది. వాణ్ణి అడిగే చెప్తున్నాను. "చెప్పెయ్ రా, ఇంకొకడికైనా పనికొస్తది" అన్నాడు.

సోమవారం

స్టేషన్ బయటికి వచ్చానో లేదో ఆటో ఆయన, "ఏం బాబూ, ఎన్ని రోజులు సెలవు?" అన్నాడు. ఇంటికెళ్ళేలోపు పాలబ్బాయి అడిగాడు, ఎదురింటి పిన్ని అడిగింది. మధ్యాహ్నానికి షాపుగాడి దగ్గర్నుంచి ఫోన్, "వచ్చావంట కదా!" నేను ఎవరికీ మెసేజ్ పెట్టలేదు. మా ఊళ్ళో లొకేషన్ షేర్ చేయక్కర్లేదు, ఊరే షేర్ చేస్తుంది.

మాకు ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. అందులో మీమ్స్, సినిమా రివ్యూలు, పుట్టినరోజు కేకు బొమ్మలు తప్ప ఏమీ ఉండవు. "ఈ రోజు కలుద్దామా?" అనే మెసేజ్ ఎప్పుడూ ఉండదు. ఎందుకంటే అడగాల్సిన పని లేదు. రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు ఉంటారు. షాపుగాడికి మే నెలంటే పెళ్ళిళ్ళ సీజన్, వాడు మాత్రం ఎనిమిదిన్నరకి చెమటలు కారుతూ వస్తాడు. మిగతావాళ్ళం ముందే ఉంటాం.

సోమవారం అందరం ఉన్నాం. మగ్గంగాడు కూడా వచ్చాడు. కానీ వాడి ఫోన్ మోగుతూనే ఉంది, వాడు కట్ చేస్తూనే ఉన్నాడు. "ఎవర్రా?" అంటే "కంపెనీ కాల్స్" అన్నాడు. తర్వాత ఫోన్ సైలెంట్‌లో పెట్టి, బోర్లా పెట్టేశాడు. సగం టీ వదిలేసి లేచాడు. ఎవరం పెద్దగా పట్టించుకోలేదు.

మంగళవారం

మగ్గంగాడి వీధికి తెల్లవారుజామున ఐదింటికి వెళ్ళాను. ఎందుకంత పొద్దున్నే అంటే, ఆ రోజు వాళ్ళ ఇంట్లో పడుగుకి గంజి పెడుతున్నారు.

తెలియనివాళ్ళకి చెప్తాను. బట్టలో నిలువు దారాలు పడుగు, అడ్డం దారాలు పేక. కాటన్ పడుగుని మగ్గం మీదికి ఎక్కించే ముందు గంజి పట్టించాలి, లేకపోతే నేసేటప్పుడు దారాలు తెగుతాయి. దానికోసం పడుగుని వీధి పొడుగునా లాగి కడతారు. గంజి పెట్టి, పెద్ద కుంచెతో ఈ చివర నుంచి ఆ చివరి దాకా దువ్వుతూ పోతారు. తెగిన పోగులు అక్కడికక్కడే ముడేస్తారు. ఎండ ముదిరేలోపు అయిపోవాలి. ఇది ఒక్కడు చేసే పని కాదు. ఇంట్లో ముగ్గురున్నా చాలరు. పక్కింటివాళ్ళు రావాలి, ఎదురింటివాళ్ళు రావాలి. ఈ రోజు నీ పడుగు, రేపు నా పడుగు.

డబ్బులు ఇచ్చి పిలిచే పని కాదిది. పొద్దున లేచి చూసేసరికి వీధిలో పడుగు కనిపిస్తుంది, చెయ్యి వేస్తారు. ఎవరైనా రాలేదంటే ముసలాయన ఒకాయన గట్టిగా అడిగేస్తాడు, "ఏడమ్మా మీ ఆయన? ఒంట్లో బాలేదా?" అని. అక్కడ రాకపోవడం అనేది అందరికీ కనిపిస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మగ్గంగాడి నాన్నతో మాట్లాడుతుంటే ఆయన కష్టాలు కూడా బయటికొచ్చాయి. వాళ్ళది గుంట మగ్గం. అంటే నేలలో గుంట తీసి, అందులో కాళ్ళు పెట్టుకుని నేస్తారు. వానాకాలం గట్టిగా వానలు పడితే గుంటలోకి నీరు ఊరుతుంది, పని ఆగుతుంది. పని ఆగితే కూలీ ఆగుతుంది. నూలు ఇచ్చేదీ, చీర తీసుకునేదీ మాస్టర్ వీవర్. చీర దిగాక ఆయన చేతికి డబ్బు రావాలి, అప్పుడు వీళ్ళ చేతికి వస్తుంది. ఒక్కోసారి ఆ మధ్యలో రెండు మూడు వారాలు పోతాయి. కరెంటు బిల్లు, కాలేజీ ఫీజు మాత్రం ఆ మూడు వారాలు ఆగవు కదా.

మగ్గంగాడు ఆ పొద్దున నాతో రెండు మాటలు కూడా మాట్లాడలేదు. కుంచె పట్టుకుని దువ్వుతూనే ఉన్నాడు. నిద్ర లేని కళ్ళు. తెల్లారుజామున లేచాడు కదా అనుకున్నాం.

బుధవారం

పగలంతా గ్రూప్స్‌గాడితో వేటపాలెం వెళ్ళాను, సారస్వత నికేతనం లైబ్రరీకి. 1918లో పెట్టిన లైబ్రరీ అది. గాంధీ గారు 1929లో అక్కడికి వచ్చారు. వందేళ్ళ నాటి తెలుగు పత్రికలు అక్కడ ఉన్నాయి, ఎక్కడెక్కడి నుంచో రీసెర్చ్ చేసేవాళ్ళు వస్తారు. మావాడు మాత్రం ఫ్యాన్ కింద కూర్చుని పాలిటీ పుస్తకం చదువుకుంటాడు.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద వాడే చీరాల-పేరాల కథ చెప్పాడు, సిలబస్‌లో ఉందట. 1921లో మున్సిపాలిటీ పన్నులు భరించలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్ళు వదిలేసి ఊరి హద్దు బయట పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు. దాదాపు 11 నెలలు అలాగే ఉన్నారు. "అన్ని నెలలు పాకల్లో ఎలా ఉన్నార్రా?" అంటే వాడు, "పక్క పాకలో పక్కింటోడే ఉన్నాడు కదరా" అన్నాడు. పరీక్షలో ఆ ఆన్సర్‌కి మార్కులు రావు కానీ నాకు మాత్రం నచ్చింది.

ఆ సాయంత్రం టీ దగ్గర నలుగురమే. మగ్గంగాడు రాలేదు. ముందుగా అడిగింది మేం కాదు, టీ కొట్టు బాబాయి. గ్లాసులు లెక్కపెట్టుకుంటూ, "ఐదోది పోయనా? మీవాడేడి?" అన్నాడు. వస్తాడులే అన్నాం. రాలేదు.

గురువారం

మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

ఒక రోజు రాకపోతే పని అనుకుంటాం. రెండు రోజులు రాకపోతే, ఫోన్ కూడా ఆపేస్తే, ఏదో ఉందని అర్థం. గ్రూప్స్‌గాడు "అమ్మాయి గొడవేమో" అన్నాడు. బోటుగాడు "ఇంట్లో గొడవ" అన్నాడు. షాపుగాడు మాత్రం ఏం మాట్లాడలేదు. టీ అయిపోయాక మమ్మల్ని పక్కకి పిలిచి ఫోన్ చూపించాడు.

బుధవారం మధ్యాహ్నం వాడికి తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చిందట. హిందీ, ఇంగ్లీష్ కలిపి, "మీ ఫ్రెండ్ మా దగ్గర అప్పు తీసుకుని ఎగ్గొట్టాడు, నీ పేరు ష్యూరిటీగా ఇచ్చాడు, నువ్వు కట్టు" అని. తర్వాత వాట్సాప్‌లో మగ్గంగాడి ఫోటో, దాని మీద ఎర్ర అక్షరాలతో 'దొంగ' అని. లోన్ యాప్.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. షాపుగాడు పనిచేసేది బజారు మధ్యలో. ఒక్కడికి చెప్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. వాడు ఒక రోజంతా ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన ముగ్గురికి మాత్రం, చెప్పాల్సిన చోట చెప్పాడు. చిన్న ఊళ్ళో ఎవరి సంగతైనా తెలుసుకోవడం పెద్ద విషయం కాదు, తెలిసినదాన్ని ఏం చేస్తాడన్నదాన్ని బట్టే వాడు ఫ్రెండో కాదో తేలుతుంది.

వెంటనే ఇంటికి వెళ్దామా అనుకున్నాం. నలుగురం ఒకేసారి రాత్రి తొమ్మిదికి వాళ్ళింటికి వెళ్తే వాళ్ళ నాన్న కంగారుపడతాడు, వీధి మొత్తం బయటికి వస్తుంది. అలాగని రాత్రంతా వాణ్ణి ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. ఎందుకంటే ఈ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. అది గుర్తొచ్చి ఎవరికీ నోట మాట రాలేదు.

చివరికి బోటుగాడు ఒక్కడే వెళ్ళాడు. వాళ్ళమ్మతో, "అత్తా, రేపు వల బాగుచేసే పనుంది, మనిషి తక్కువయ్యాడు, వీణ్ణి రాత్రికే మా ఇంటికి తీసుకుపోతా" అన్నాడు. అబద్ధం కూడా కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్లకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ 61 రోజులూ వలలు, బోట్లు బాగుచేసుకునే పనే ఉంటుంది. ఆవిడ సరేనంది. వాడు బండెక్కాడు.

శుక్రవారం

పొద్దున్నే వాడరేవు వెళ్ళాం. వల పరిచి ఉంది. నిజంగానే పని చేయించాడు బోటుగాడు. చేతులు పనిలో ఉంటే, ఎదుటివాడి కళ్ళలోకి చూడక్కర్లేకపోతే, చెప్పలేని మాటలు బయటికొస్తాయి. మేం ఏమీ అడగలేదు. అరగంట తర్వాత వాడే మొదలుపెట్టాడు.

తమ్ముడి కాలేజీ ఫీజుకి గడువు దగ్గరపడింది. కూలీ డబ్బులు ఆలస్యమయ్యాయి. నాన్నని అడిగితే బాధపడతాడని, మమ్మల్ని అడిగితే చిన్నతనం అని, ఫోన్లో యాడ్ చూసి యాప్ వేసుకున్నాడు. పది వేలు అడిగితే 'ప్రాసెసింగ్' అని కోసుకుని చేతికి ఆరున్నర వేలు ఇచ్చారు. వారం రోజుల్లో పది వేలు కట్టాలన్నారు. కట్టలేకపోతే ఇంకో యాప్ లింక్ పంపారు, ఇందులో తీసి అందులో కట్టు అని. అలా మూడు యాప్‌లు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'కాంటాక్ట్స్ అలౌ' అని నొక్కాడు. అంటే వాడి ఫోన్లో ఉన్న మేనత్త, మాస్టర్ వీవర్, స్కూల్ సారు, మేం, అందరి నంబర్లూ వాళ్ళ చేతిలోకి వెళ్ళాయి.

హైదరాబాద్‌లో అయితే పక్క ఫ్లాట్ వాడికి ఫోన్ వచ్చినా వాడికి మన పేరు తెలియదు. మా ఊళ్ళో అలా కాదు. వాడి భయం డబ్బు గురించి కాదు. "పొద్దున పడుగు దగ్గర నాన్న మొహం ఎట్టా చూపిస్తాడు రా?" అన్నాడు. ఈ యాప్‌లు వ్యాపారం చేసేది ఆ సిగ్గుతోనే.

ఇక్కడ నుంచి మేం చేసినవి వరుసగా చెప్తాను. స్క్రీన్‌షాట్ తీసుకోండి, మీకు కాకపోయినా ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

మొదటిది, ఇంకో యాప్‌లో అప్పు తీసి కట్టడం ఆపేశాం. అదొక ఊబి.

రెండోది, యాప్‌లు డిలీట్ చేసే ముందు అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీశాం. ఎంత అడిగాడు, ఎంత వచ్చింది, ఎంత కట్టాడు, ఏ నంబర్ల నుంచి బెదిరించారు, ఏ యూపీఐ ఐడీకి కట్టమన్నారు. బ్యాంక్ స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేశాం. ఆ తర్వాతే పర్మిషన్లు తీసేసి, యాప్‌లు తీసేశాం.

మూడోది, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్లో కంప్లయింట్ పెట్టాం. ఆ కాపీ తీసుకుని పోలీస్ స్టేషన్‌లో కూడా ఇచ్చాం.

నాలుగోది రూల్స్ చూశాం. ఇందులో గ్రూప్స్‌గాడి చదువు పనికొచ్చింది. 2022 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ డిజిటల్ లోన్లకి గైడ్‌లైన్స్ ఇచ్చింది. లోన్ యాప్‌లు మన కాంటాక్ట్స్, కాల్ లిస్ట్, ఫోటోలు, ఫైల్స్ ముట్టుకోకూడదు. అప్పు ఇచ్చేది ఏ బ్యాంకో, ఏ ఫైనాన్స్ కంపెనీయో చెప్పాలి. డబ్బు ఆ సంస్థ ఖాతా నుంచి నేరుగా మన ఖాతాకి రావాలి, తిరిగి దానికే వెళ్ళాలి. వసూలు చేసేవాళ్ళు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. ఇంట్లోవాళ్ళనీ ఫ్రెండ్స్‌నీ వేధించకూడదు. మావాడి యాప్‌లు వీటిలో ఒక్కటి కూడా పాటించలేదు. ప్లే స్టోర్‌లో లోన్ యాప్‌లకి కాంటాక్ట్స్ చూసే అనుమతి లేదని గూగుల్ 2023లోనే తేల్చేసింది. అంటే ఎక్కడో లింక్ నుంచి యాప్ వేసుకోమంటే అక్కడే అనుమానం రావాలి.

ఒక మాట. రూల్స్ ప్రకారం నడిచే బ్యాంకు దగ్గరో, రిజిస్టర్డ్ కంపెనీ దగ్గరో తీసుకున్న అప్పు మాత్రం కట్టాల్సిందే. నేను చెప్తున్నది దొంగ యాప్‌ల గురించి.

శనివారం

ఇక మిగిలింది ఊరు. వాళ్ళ దగ్గర కాంటాక్ట్స్ ఉన్నాయి, అందరికీ ఫోన్లు వెళ్తాయి. ఆపలేం. అయితే మనమే ముందు చెప్పేద్దాం అన్నాడు షాపుగాడు.

పొద్దున్నే మగ్గంగాడు, మేం నలుగురం ఒకే వాట్సాప్ స్టేటస్ పెట్టాం. 'మా ఫ్రెండ్ ఫోన్ నంబర్లు మోసపు లోన్ యాప్ వాళ్ళ చేతిలో పడ్డాయి. మీకు ఫోన్ వచ్చినా, ఫోటోలు వచ్చినా నమ్మకండి, డబ్బు కట్టకండి, బ్లాక్ చేయండి. పోలీస్ కంప్లయింట్ ఇచ్చాం.' టీ కొట్టు బాబాయికి నోటితోనే చెప్పాం, అది పది స్టేటస్‌లతో సమానం. మా ఊళ్ళో కబురు పాకే వేగం తెలుసు కదా. ఎప్పుడూ ఆ వేగాన్ని తిట్టుకుంటాం, ఆ రోజు దాన్నే వాడుకున్నాం. మధ్యాహ్నానికి స్కూల్ సారు వాడికి ఫోన్ చేశారు. "నాకూ వచ్చింది ఆ ఫోన్. గట్టిగా తిట్టి పెట్టేశాను. నువ్వు భయపడమాక" అన్నారట.

అందరూ అలా లేరు. ఒకరిద్దరు బంధువులు "అప్పు చేసేటప్పుడు లేని సిగ్గు స్టేటస్ పెట్టడానికి ఎందుకు" అన్నారు. అదీ ఊరే.

వాళ్ళ నాన్నకి వాడే చెప్పాడు. ముందు వాళ్ళమ్మకి చెప్పి, ఆవిడ పక్కనుండగా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు ముందే చెప్పుంటే చీటీ పాడేవాణ్ణి కదరా" అన్నాడు. అంతే. నెలనెలా కట్టే చీటీ పాట పాడుకుంటే కాస్త నష్టానికైనా ఫీజు డబ్బు వచ్చేది. ఆ దారి ఇంట్లోనే ఉంది. అడగాల్సి వస్తుందని వాడు యాప్ దగ్గరికి వెళ్ళాడు. ఫోన్ మనల్ని ఏమీ అడగదు, మొహం చూడదు. అందుకే ఈజీ అనిపిస్తుంది.

ఆ రాత్రి ఇంట్లో ఇదంతా చెప్తుంటే మా చెల్లి అంతా విని ఒక ప్రశ్న వేసింది. "మీకు టీ కొట్టుంది. రాకపోతే ఏడి అని అడిగే బాబాయి ఉన్నాడు. ఇదే మా ఫ్రెండ్‌కి జరిగితే ఎవరికి తెలుస్తది?"

నా దగ్గర జవాబు లేదు. రాత్రి ఏడున్నరకి టీ కొట్టు దగ్గర నిలబడటం మా ఊళ్ళో మగపిల్లలకి మాత్రమే ఉన్న సౌకర్యం. ఆడపిల్లలు కలిసేది కాలేజీ బస్సులో, కుట్టు మిషన్ నేర్చుకునేచోట, శుక్రవారం గుళ్ళో, డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడు. పెళ్ళయితే అవి కూడా పోతాయి. మా చెల్లి క్లాసులో నలుగురికి పెళ్ళిళ్ళయ్యాయి, నాలుగు ఊళ్ళు. వాళ్ళ స్నేహం మొత్తం ఇప్పుడు ఫోన్లోనే ఉంది. అందుకని వాళ్ళొక పని చేస్తున్నారు. రోజూ మధ్యాహ్నం మూడింటికి, అత్తగారు పడుకున్న టైమ్‌లో, ఒక్కొక్కరు ఒక్క వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఏం వండానో చెప్పినా సరే. ఎవరిదైనా రెండు రోజులు రాకపోతే మిగతావాళ్ళు ఫోన్ చేస్తారు. "టైప్ చేస్తే తెలియదన్నా, గొంతులో తెలిసిపోద్ది" అంది. అంటే వాళ్ళు ఫోన్లోనే ఒక టీ కొట్టు పెట్టుకున్నారు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. టీ కొట్టు దగ్గర అందరం పక్కపక్కనే కూర్చుంటాం. కానీ ఎవరి ఇంట్లో ఎవరు ఎంతవరకు లోపలికి వెళ్తారన్నదానికి ఇప్పటికీ కులం గీతలున్నాయి. చిన్న ఊరంటే అంతా అమాయకమైన ప్రేమలు అని నేను చెప్పను. నచ్చినవీ, నచ్చనివీ ఒకే వీధిలో ఉంటాయి.

ఆదివారం

పొద్దున వాడరేవు బీచ్. ఎండాకాలం ఆదివారం కదా, జనం బాగా ఉన్నారు. బోటుగాడు మమ్మల్ని మోకాళ్ళ లోతు దాటనివ్వడు. సముద్రంలో పుట్టిపెరిగినవాడు వాడు, వాడికే భయం. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఈదుకుంటూ లోపలికి పోతుంటే అరుస్తాడు. మీరెవరైనా మా వైపు వస్తే, అక్కడి మత్స్యకారుల మాట, పోలీసుల మాట వినండి.

రాత్రి నా రైలు. ఏడున్నరకి టీ దగ్గరికి వెళ్ళాను. గ్రూప్స్‌గాడున్నాడు, బోటుగాడున్నాడు. ఏడూ నలభైకి మగ్గంగాడు వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. బాబాయి ఐదు గ్లాసులు పెట్టి, "నీది రెండు రోజుల బాకీ ఉంది, తాగు" అన్నాడు. షాపుగాడు వచ్చేదాకా మళ్ళీ అవే జోకులు. ఫోన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి, కాకపోతే ఇప్పుడు మోగినప్పుడల్లా గ్రూప్స్‌గాడు లాక్కుని సెక్షన్లు చదివి వినిపిస్తున్నాడు.

ఫీజు సంగతి కూడా చెప్పాలి. మేం నలుగురం తలా కొంత వేశాం. లెక్క రాసుకున్నాం, ఎప్పటికి ఇవ్వాలో కూడా రాసుకున్నాం. ఫ్రెండ్స్ మధ్య డబ్బు ఉన్నప్పుడు కాగితం ఉండాలి. అది అనుమానం కాదు, రేపు ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి.

సరే, ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం.

అమెరికాలో కాన్సాస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో ఒక స్టడీ చేశారు. పరిచయం ఉన్న మనిషి మామూలు ఫ్రెండ్ అవ్వడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలట. ఫ్రెండ్ అవ్వడానికి 90 గంటలు. దగ్గరి స్నేహితుడు అవ్వడానికి 200 గంటలు దాటాలి. అందులోనూ ఆఫీసులో పక్కపక్కన కూర్చున్న గంటలు పెద్దగా లెక్కలోకి రావు, ఊరికే కబుర్లాడుకున్న గంటలే లెక్క. మా టీ కొట్టు లెక్క చూడండి. రోజుకి గంటన్నర. నాలుగున్నర నెలల్లో 200 గంటలు. మేం పదో తరగతి నుంచి కూర్చుంటున్నాం.

ఆ గంటల్లో గొప్ప మాటలేం ఉండవు. కానీ ఆ గంటల వల్ల ఒకటి జరుగుతుంది. మనిషి మామూలుగా ఎలా ఉంటాడో పక్కవాడికి తెలుస్తుంది. మామూలు తెలిస్తేనే కదా, తేడా కనిపించేది! సగం టీ వదిలేయడం, ఫోన్ బోర్లా పెట్టడం, రెండు రోజులు రాకపోవడం, ఇవన్నీ మాకు తెలిసింది అందుకే. మగ్గంగాడు మాకు చెప్పలేదు. చెప్పేవాడు కూడా కాదు. కష్టంలో ఉన్నవాడు ఫోన్ చేసి చెప్తాడని అనుకుంటాం, 'ఏదైనా ఉంటే చెప్పరా' అంటాం. నిజంగా కష్టంలో ఉన్నవాడు చేసే మొదటి పని ఫోన్ స్విచాఫ్ చేయడం.

హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఉండి ఇది వింటున్నవాళ్ళు చాలామంది ఉన్నారని తెలుసు. మీ కాంటాక్ట్స్‌లో ఐదొందల నంబర్లుంటాయి. ఇన్‌స్టాలో ఇంకా ఎక్కువ. రెండు రోజులు మీరు కనిపించకపోతే 'ఏడి వీడు?' అని అడిగే చోటు ఒక్కటైనా ఉందా? ఆలోచించండి.

లేకపోతే ఊరికి వెళ్ళిపోమని నేను చెప్పను, మనందరికీ అక్కడ ఉద్యోగాల్లేవు. ఒక చోటు పెట్టుకోండి చాలు. శనివారం పొద్దున ఏడింటికి ఒకే టిఫిన్ సెంటర్. లేదా ఆదివారం సాయంత్రం ఒకే గ్రౌండ్. ప్రోగ్రాం అడగొద్దు, పోల్ పెట్టొద్దు, 'ఎవరెవరు వస్తున్నారు' అని మెసేజ్ పెట్టొద్దు. వెళ్ళి కూర్చోండి. వారానికి రెండు గంటలైనా, రెండేళ్ళలో 200 గంటలవుతాయి. దూరాన ఉంటే మా చెల్లి వాళ్ళ పద్ధతి ఉంది, రోజుకో వాయిస్ మెసేజ్. రానివాడికి 'ఎందుకు రాలేదు' అని మెసేజ్ కొట్టి ఊరుకోకుండా, రెండోసారి రాకపోతే ఒకరు లేచి వెళ్ళండి. ఒక్కరే వెళ్ళండి. ఏదో పని చెప్పి బయటికి తీసుకురండి.

ఈ వారం మీ గ్యాంగ్‌లో ఎవరు కనిపించట్లేదో ఒకసారి చూసుకోండి. ఎవరైనా గుర్తొస్తే ఈ వీడియో ఫార్వర్డ్ చేయొద్దు, ఫోన్ చేయండి. దగ్గర్లో ఉంటే వెళ్ళండి.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఉంటాను.